పరదేశంలో హత్య – కేసు ఏ ఠాణాది?

మండల కచేరీల్లో పనిచేసిన మిత్రులకు ఈ ప్రశ్న కొత్త కాదు. తొంభయ్యో దశకంలో కోరుట్ల నుంచి ఒక తల్లి నా బల్ల దగ్గరికి వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. గల్ఫులో కూలీల క్యాంపులో జరిగిన కొట్లాటలో ఆమె కొడుకును వేరే దేశంవాడు చంపాడు. "సారూ, నా కొడుకును సంపినోని మీద మన ఠాణల కేసు పెట్టరాదా?" అన్నది. పెట్టవచ్చునమ్మా అని దరఖాస్తు నేనే రాసిచ్చాను. అది నా తెలివితక్కువతనం.

1860 నాటి శిక్షాస్మృతి 4వ సెక్షను ప్రకారం మన పౌరుడు పరదేశంలో నేరం చేస్తే, కేంద్రం అనుమతితో ఇక్కడ విచారించవచ్చు. చచ్చినవాడు మనవాడై, చంపినవాడు విదేశీయుడైతే ఆ చట్టం చెయ్యి అందదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే పద్ధతి. విదేశాల్లో భారతీయులపై జరిగే ఉగ్రవాదం వంటి నేరాలకు మాత్రం 2019లో ఎన్.ఐ.ఏ. చట్టాన్ని సవరించారు. అమెరికావారు ఇటువంటి ఏర్పాటు 1986లోనే చేసుకున్నారు. క్యాంపు కొట్లాటలు అందులోకి రావు.

సిరిసిల్ల ప్రాంతంవారి కేసు దీనికి తిరగేసిన బొమ్మ. 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో మన కూలీలు జైలుపాలయ్యారు. విచారించింది సిరిసిల్ల కోర్టూ కాదు, నేపాల్ కోర్టూ కాదు, దుబాయి కోర్టే. అక్కడి చట్టంలో హతుని వారసుల మాటకు విలువ ఎక్కువ. అందుకే 2011లో సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారకరామారావుగారు నేపాల్ వెళ్లి, ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చి క్షమాపణ కాగితం తెచ్చారు. అయినా వారిలో ఐదుగురు ఊరు చేరేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. సంబరాల ఫోటోలు చూసినప్పుడు ఆ నేపాలీ ఇల్లాలు సంతకం ఎట్లా పెట్టిందో అనిపించింది. కోరుట్ల తల్లి ముఖమే కళ్లముందు మెదిలింది.

2025 ఏప్రిల్‌లో దుబాయి బేకరీలో ఇద్దరు తెలంగాణ కార్మికులు హతులయ్యారు. వారిలో ఒకరు మన జగిత్యాల జిల్లా ధర్మపురి వైపువారు. ఆ కేసూ అక్కడిదే. ఇటువంటప్పుడు ఇంటివారు చేయవలసింది వారసుల ధ్రువపత్రం, అధికారపత్రం సిద్ధం చేసుకొని, వాటిపై విదేశాంగ శాఖ ముద్ర వేయించి, మన కాన్సులేటు ద్వారా అక్కడి కోర్టుకు చేర్చడం.

నేను రాసిచ్చిన దరఖాస్తు కొన్ని నెలలకు "మా పరిధి కాదు" అని తిరిగివచ్చింది. అప్పటికే అక్కడ విచారణ ముగిసింది. ఆ తల్లి పక్షాన ఒక్క కాగితమూ ఆ కోర్టుకు చేరలేదు.