తగరపు సైన్యము – గృహస్థ ధర్మము

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక దృశ్యం చూచాను. రాత్రి పది దాటింది. మనుమరాలు నిద్రపోయింది. మావాడు భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరచి, అంగుళమంత సైనికుని కోటుకు సన్నని కుంచెతో ఎర్రరంగు వేస్తున్నాడు. "పగలంతా ఆఫీసు, రాత్రయితే ఈ బొమ్మలు. ఇక మాకు మిగిలేది ఎప్పుడు మావయ్యగారూ?" అని కోడలు నాతో మొరపెట్టుకున్నది. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకో చివర మనవి చేస్తాను. ఈ చిక్కు మాత్రం కొత్తది కాదు.

విలియం సైబోర్న్ అని బ్రిటిషు సైన్యంలో ఒక లెఫ్టినెంటు ఉండేవాడు. 1826 నుండి 1843 వరకు ఐర్లండులోని సేనాధిపతి వద్ద సహాయ సైనిక కార్యదర్శి. వాటర్లూ యుద్ధభూమికి నమూనా నిర్మించే పని 1830లో ఆయనకు అప్పగించారు. ఆ రణభూమిలోని లా హే సాంత్ అనే రైతు ఇంట ఎనిమిది నెలలు నివసించి నేలంతా కొలిచాడు. 1815 జూన్ 18 సాయంకాలం ఏడు గంటల వేళ మీ దళం ఎక్కడ ఉన్నది, అక్కడి చేలో ఏ పైరు ఉన్నది అని, యుద్ధంలో పాల్గొన్న అధికారులకు లేఖలు వ్రాశాడు. 1833లో ప్రభుత్వం ధనసహాయం నిలిపివేసింది. ఆయన మాత్రం పని నిలపలేదు. ఉద్యోగం చేస్తూనే, అప్పులు చేస్తూనే 1838 నాటికి పూర్తిచేసి, లండనులోని ఈజిప్షియన్ హాలులో ప్రదర్శనకు పెట్టాడు. అందులోని చిన్ని సైనికులు 70,000కు పైమాటే. వ్యయం సుమారు 3,000 పౌండ్లు. ఆ ఋణభారం నుండి కోలుకోకుండానే 1849లో కన్నుమూశాడు. ఒక్క సాయంకాలాన్ని పట్టి నిలపడానికి ఎనిమిదేళ్ళ సాయంకాలాలు ధారపోశాడన్నమాట!

దీనికి ప్రతిగా మరొక ఇల్లు చూడండి. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881–82 శీతకాలం అనారోగ్యంతో స్విట్జర్లాండులోని దావోస్‌లో గడిపాడు. రచనయే ఆయనకు జీవిక. అయినా తీరిక చేసుకుని, భార్య మొదటి వివాహపు కుమారుడు లాయిడ్‌తో కలిసి అటకమీది నేలపై సుద్దతో పటం గీసి, సీసపు సైనికులతో రోజుల తరబడి యుద్ధాలు ఆడేవాడు. ఆ బాలుడే పెద్దవాడై, 1898లో ఆ ముచ్చటలను పత్రికకు వ్రాశాడు. బొమ్మలు అవే, కాని ఆ అటకమీద పిల్లవానికి చోటున్నది.

అట్లాగని సైబోర్న్ సంసారం ఆ సైన్యాన్ని ద్వేషించినదనలేము. తండ్రికి వచ్చిన ఆ అధికారుల లేఖలను కుమారుడు హెచ్. టి. సైబోర్న్ 1891లో గ్రంథంగా ప్రకటించాడు. వాటర్లూ చరిత్రకారులకు నేటికీ అది ఆధారగ్రంథమే. నమూనా లండనులోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్నది. తండ్రి పోయిన నలభై రెండేళ్ళకు ఆ కాగితాల కట్ట విప్పినప్పుడు ఆ కుమారుని మనసులో ఏముండెనో!

కోడలికి ఈ రెండు కథలూ చెప్పాను. వాడికీ ఒక మాట చెప్పాను: "బల్లకు అవతల ఇంకొక కుర్చీ వెయ్యరా. పిల్ల మేలుకుని ఉన్నప్పుడే కుంచె పట్టు." మర్నాటి సాయంత్రం మనుమరాలు ఒక గుర్రానికి నీలిరంగు వేసింది. నీలి గుర్రం ఉండదని మావాడు అనబోయి, ఊరుకున్నాడు. కోడలు నవ్వింది.

ఇక నా సంగతి. వాడు పదవ తరగతిలో ఉండగా, పరీక్షల ముందు వాడి రంగుల పెట్టె తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. పరీక్షలు అయినవి. పెట్టె ఇమ్మని వాడు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నిన్న బీరువా తెరిచి చూచాను. రంగులన్నీ రాళ్ళయినవి. కుంచె మాత్రం బాగున్నది. ఉగాదికి వెళ్ళేటప్పుడు తీసుకుపోతాను.