కదలు బొమ్మలలో పాత హైదరాబాదు

బొంబాయి వైపునుండి రైలులో హైదరాబాదునకు వచ్చు బాటసారికి వాడి జంక్షను దాటిన పిమ్మట తాండూరు, ఆపై వికారాబాదు తగులును. 1874 లో వాడినుండి సికిందరాబాదువరకు నైజాము రైలుమార్గము తెరువబడినది మొదలు యాత్రికులనేకులు ఈ దారినే వచ్చిరి. సినిమా పుట్టిన పిదప కొందరి వెంట చలనచిత్ర యంత్రములును వచ్చినవి. అట్టి పాత చిత్రములు నేడు దేశవిదేశముల భాండాగారములలో నున్నవి. 2014 లో బ్రిటిష్ పాథే సంస్థ తన 85,000 చిత్రములను అందరును చూచుటకు వీలుగా ఇంటర్నెట్టులో నుంచినది.

తేదీ లేని రీలు ఒకటి మన ముందు ఆడుచున్నదనుకొందము. అది ఏనాటి హైదరాబాదు? పట్టణమే సాక్ష్యమిచ్చును. చార్మినారు 1591 నాటిది. దానిని చూచినంత మాత్రాన ఏమియు తేలదు. దానిపై గడియారములు 1889 లో అమర్చబడినవి; సినిమాయే 1895 లో పుట్టినది గనుక వానివలనను లాభము లేదు. మూసీ యొడ్డున హైకోర్టు గుమ్మటములు పూర్తిగా కనబడినచో ఆ చిత్రము 1919 కి ఇటీవలిదే. వీధిలో సర్కారు బస్సు పోవుచున్నయెడల 1932 దాటినదనవలెను. ఆ యేడు 27 బస్సులతో ఆ ప్రయాణసౌకర్యము మొదలైనది. మొజంజాహీ మార్కెట్టు గోపురము కనబడెనా, 1930 దశాబ్దపు నడిమికి వచ్చితిమన్నమాట.

ఆ చిత్రములలో జనులు ఉరుకులు పరుగులు పెట్టుచుందురు. ఆనాటివారికి అంత తొందర యేమని మేమును మొదట ఆశ్చర్యపడుచుందుము. తొందర మనుష్యులది కాదు. మూకీ చిత్రములను సెకనుకు 16, 18 బొమ్మల చొప్పున తీసెడివారు. వానినే 24 చొప్పున ఆడించినపుడు నడక పరుగగును.

అయితే కంటికి కనబడినదే చరిత్ర కాదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయే 1908 సెప్టెంబరు 28 న పొంగి, హైదరాబాదులో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ దెబ్బ తరువాతనే 1912 లో నగరాభివృద్ధి మండలి, 1920 లో ఉస్మాన్ సాగరు, 1927 లో హిమాయత్ సాగరు ఏర్పడినవి. యాత్రికుడు తీర్చిదిద్దిన నదీతీరమును చూచి ముచ్చటపడి చిత్రము తీసెను. ఆ తీర్పు వెనుకనున్న దుఃఖము ఫిల్ముకెక్కలేదు. దానిని మనమే ఎరిగి చూడవలెను.

మరియొక లోపము కలదు. పరదేశి కన్ను కోటలను, గోపురములను వెదకును. రైలు కిటికీలోనుండి అగపడిన తాండూరు కందిచేలు, బండలు తీయు గనులు, ఆ బండలను చెక్కిన చేతులు అతనికి విశేషములు కావు. నగరములో ఎన్నో యిండ్ల నేలలు ఆ బండలతో పరచినవే.

ఆ కొరతను తీర్చగలవి మన యిండ్లలోని రీళ్లు. ఏ పెండ్లికో, జాతరకో తీసిన చిన్న ఫిల్ము పెట్టె అడుగున పడియుండవచ్చును. పుల్లని సిర్కావాసన వచ్చినచో అది చెడిపోవుచున్నదని గుర్తు. దానిని పారవేయకుడు, బలవంతముగా యంత్రమునకెక్కించి ఆడింపకుడు. చల్లని, తడి తగులని చోట భద్రపరచి, తెలిసినవారిచేత ప్రతి తీయింపుడు. ఎవరు, ఎక్కడ, ఏ యేట తీసిరో ఇంటి పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసి జతచేయుడు. పెద్దలు చెప్పగలిగియున్నపుడే ఆ పని కావలెను.