ఇసుకనేలలో చెట్టుకు ఎరువు: మైపాడు తీరంలో సరుగుడు పోషణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట మండలంలో, పెన్నా డెల్టా ముగిసే సముద్రపుటంచున మైపాడు ఉంది. ఊరికి పడమట కాలువ నీటితో పండే వరి మాగాణి, తూర్పున ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. ఇసుకలో బంకమట్టి, సేంద్రియ పదార్థం స్వల్పం కావడంతో నీరూ పోషకాలూ నిలవవు. వేసిన ఎరువులో కరిగే భాగం వాన నీటితో వేళ్లకు అందని లోతుకు దిగిపోతుంది. ఇటువంటి నేలలోనే నెల్లూరు తీరం పొడవునా సరుగుడు తోటలు విస్తరించాయి. సరుగుడుకు ఎరువు అక్కరలేదనే మాటకు ఈ విస్తరణే ఆధారమైంది.

ఆ మాట ఎంతవరకు నిజమో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఊళ్లో ఉన్న ఎరువు ఎవరికి దక్కింది, చెట్టు తానుగా సమకూర్చుకున్న పోషకాలను ఎవరు తీసుకుపోయారు అనేవి ఇందులో పరిశీలించే ప్రశ్నలు.

2. నాటడం, పోషించడం: గ్రంథ సంప్రదాయం

తెలుగు సాహిత్యంలోనూ శాసనాల్లోనూ ప్రస్తావితమైన సప్తసంతానాల్లో వనప్రతిష్ఠ ఒకటి. తోట వేయడం పుణ్యకార్యంగా కీర్తి పొందింది. నాటిన చెట్టుకు ఏటా ఆహారం అందించే పనికి మాత్రం దానశాసనాల్లో అంతటి స్థానం కనిపించదు. ఆ విషయాన్ని వృక్షాయుర్వేద గ్రంథాలు చెప్పాయి. వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయం గొర్రె, మేక పెంటికలు, నువ్వులు, పేలపిండి, మాంసం నీటిలో ఏడు రాత్రులు ఉంచి చెట్లకు పోయమంటుంది. సురపాలుని వృక్షాయుర్వేదం జంతు పదార్థాలను ఉడికించి పులియబెట్టే కుణపజలాన్ని వివరిస్తుంది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయ ప్రతి ఆధారంగా ఈ గ్రంథాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్, నలినీ సాధలే ఆంగ్లానువాదంతో ప్రచురించింది.

ఈ గ్రంథాల దృష్టి ప్రధానంగా పూలు, పండ్లు ఇచ్చే ఉద్యానాల మీద ఉంది. వాటిలో చెప్పిన ద్రవ్యాలు సంపన్నుల తోటకు సాధ్యమైనవి. తీరపు దిబ్బల మీద వంటచెరకు కోసం పెంచే చెట్టు ఆ పరిధిలోకి రాలేదు.

3. పెంటకుప్ప ఎవరిది?

1850లలో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట నిర్మాణంతో పెన్నా డెల్టాలో వరిసాగు స్థిరపడింది. మాగాణికి పశువుల ఎరువు, పచ్చిరొట్ట, మందకట్టు కావాలి. ఊళ్లో సమకూరే ఎరువు పరిమితం కనుక దానికి మొదటి హక్కుదారు వరిచేను. పెంటకుప్పకు మరో పోటీదారు పొయ్యి. కట్టె కరువైన చోట పేడ పిడకలుగా మారి కాలిపోతుంది. బూడిదలో పొటాష్ వంటి ఖనిజాలు మిగిలినా, నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలుస్తుంది.

ఈ సమస్యను జాన్ అగస్టస్ వోల్కర్ ప్రముఖంగా చర్చించాడు. ఇంగ్లండు రాయల్ అగ్రికల్చరల్ సొసైటీకి రసాయన సలహాదారుడైన ఆయన 1889లో భారతదేశానికి వచ్చి పర్యటించి, 1893లో భారత వ్యవసాయాభివృద్ధిపై నివేదిక ప్రచురించాడు. రైతు పేడను కాల్చడానికి ప్రధాన కారణం అతని అజ్ఞానం కాదని, వంటచెరకు కొరత అని ఆయన నిర్ధారించాడు. వంటచెరకు, పశుగ్రాసం కోసం ప్రత్యేక వనాలు పెంచితే పేడ పొలానికి చేరుతుందన్నాడు. ఈ వాదనలో చెట్టు పొలానికి పరోక్షంగా ఎరువునిచ్చే సాధనమైంది. ఆ చెట్టు ఏమి తిని పెరగాలన్నది మరో ప్రశ్న.

4. సరుగుడు రాక

సరుగుడు సహజంగా అండమాన్ దీవులు, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల తీరాల్లో పెరుగుతుంది. ఆకులుగా కనిపించేవి నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. అసలు ఆకులు వాటి కణుపుల వద్ద పొలుసులుగా ఉంటాయి. కాసువారీ పక్షి ఈకలను పోలిన ఈ రెమ్మల వల్లనే దానికి కాసువారినా అనే శాస్త్రనామం వచ్చింది.

1856లో రాయపురం నుంచి మద్రాసు రైలుమార్గం మొదలైంది. బొగ్గు ఖరీదైన ఆ రోజుల్లో ఇంజన్లకు కట్టె కావలసివచ్చింది. 1860ల నుంచి మద్రాసు పరిసర తీరంలో సరుగుడు తోటల పెంపకం ఊపందుకుంది. నెల్లూరు తీరం వెంట సాగే కాలువ 1878లో బకింగ్‌హాం కాలువగా పేరు పొందింది. 1876–78 కరవు కాలంలో పనిలేని కూలీలతో దానిలో కొంత భాగం తవ్వించారు. ఉప్పుతోపాటు వంటచెరకు కూడా ఈ జలమార్గంలో పడవల మీద మద్రాసుకు చేరేది. తీరపు ఇసుక నుంచి చెట్టు గ్రహించిన పోషకాలూ ఆ కట్టెతోపాటే నగరానికి వెళ్లాయి. అవి తిరిగి ఇసుకకు చేరే మార్గం లేదు.

5. వేరు బుడిపెల రహస్యం

ఎరువు లేని ఇసుకలో సరుగుడు ఎలా పెరుగుతోందన్న ప్రశ్నకు సమాధానం దాని వేళ్లలో దొరికింది. 1918లో ఎం.జె. నరసింహన్ సరుగుడు వేరు బుడిపెలపై ప్రాథమిక అధ్యయనాన్ని ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో ప్రచురించాడు. ఈ బుడిపెల్లో నివసించే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. ఫ్రాంకియాను ప్రయోగశాలలో వేరుచేసి పెంచడం 1978లో, మరో మొక్క బుడిపెల నుంచి, సాధ్యమైంది. సెనెగల్ తీరపు ఇసుక దిబ్బల్లోని సరుగుడు తోట హెక్టారుకు ఏటా సుమారు 58 కిలోల నత్రజనిని స్థిరీకరించిందని 1963లో దొమ్మెర్గ్ అంచనా వేశాడు.

అయితే ఈ స్వయంపోషణ నత్రజనికే పరిమితం. భాస్వరం, పొటాష్, సున్నం గాలిలో దొరకవు, నేల నుంచే రావాలి. వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలు భాస్వరాన్ని అందుకోవడానికి తోడ్పడతాయే తప్ప కొత్తగా సృష్టించలేవు. బుడిపెలు చురుకుగా పనిచేయడానికి కూడా భాస్వరం అవసరం. కాబట్టి సరుగుడుకు ఎరువు అక్కరలేదన్న మాటలో నిజం సగమే.

6. ఊడ్చుకుపోయిన ఎరువు

మిగిలిన సగం తోట నేల మీద ఉంది. రాలిన రెమ్మలు కుళ్లితే చెట్టు తీసుకున్న పోషకాల్లో కొంత తిరిగి నేలకు చేరుతుంది, ఇసుకలో తేమ నిలుస్తుంది. కాని తీరగ్రామాల్లో పేద కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, ఆ రాలుడే ఖర్చులేని వంటచెరకు. దానిని ఊడ్చి పొయ్యికి చేరుస్తారు. నరికిన తర్వాత మొద్దులను, వేళ్లను సైతం తవ్వి అమ్ముతారు. పేడను పొయ్యి నుంచి తప్పించడానికి తెచ్చిన చెట్టు, తన ఎరువును అదే పొయ్యికి అప్పగించింది.

కొబ్బరితో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ ఎదిగిన కొబ్బరిచెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ సిఫారసు చేసింది. కాయలు కోసుకుపోయే చెట్టుకు లెక్కకట్టి పోషకాలు తిరిగి ఇస్తున్నారు. చెట్టునే మొదలంటా కోసుకుపోయే తోటలో ఆ లెక్క మరింత అవసరం. కాగితపు గుజ్జు కోసం కొన్నేళ్లకొకసారి నరికే నేటి సాగులో ఈ నష్టం త్వరత్వరగా పునరావృతమవుతుంది.

7. ముగింపు

2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత తీరపు చెట్లకు రక్షణ కవచమనే కొత్త విలువ వచ్చింది. బలహీనమైన తోట ఆ బాధ్యత మోయలేదు. తోటలో రాలుడును వదలడం, నరికినప్పుడు కొమ్మల చివళ్లను అక్కడే పరచడం, భాస్వరం అందించడం ఇసుకకు తగిన పోషణ పద్ధతులు. ఊడ్చేవారిని నిషేధంతో ఆపితే భారమంతా పేద ఇంటి మీద పడుతుంది. వోల్కర్ తర్కం ఇక్కడ కూడా వర్తిస్తుంది: పొయ్యికి ప్రత్యామ్నాయం దొరికితేనే ఎరువు నేలకు మిగులుతుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం వంటి వంటగ్యాసు పథకాలను ఆరోగ్యం, శ్రమ కోణాలతోపాటు నేల పోషణ కోణంలోనూ అధ్యయనం చేయవలసి ఉంది. మైపాడు ఇసుకలో చెట్టు పోషణ చరిత్ర పొయ్యి చరిత్రతో ముడిపడి ఉంది. ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే సరుగుడు తోట అసలు ఖర్చు తెలుస్తుంది.