ప్రాథమిక ఆరోగ్య బృందం: భారతదేశంలో దాని చరిత్ర

ప్రాథమిక ఆరోగ్య బృందం అంటే ఊళ్లోని ఇంటి గడప నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) దాకా ఒక ప్రాంత ప్రజల ఆరోగ్యాన్ని ఉమ్మడిగా చూసుకునే ప్రభుత్వ సిబ్బంది. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, పురుష ఆరోగ్య కార్యకర్త, వారి సూపర్‌వైజర్లు, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, మెడికల్ ఆఫీసర్ ఇందులో ఉంటారు. అంగన్‌వాడీ టీచర్ వేరే శాఖ కింద ఉన్నా పనిలో మాత్రం ఈ బృందంలో మనిషే. జబ్బుకొక మనిషిని పంపాలా, ఊరికి అన్నీ చూసే జట్టును ఇవ్వాలా అన్న ప్రశ్న మీద ఈ బృందం రూపం డెబ్భై ఏళ్లకు పైగా మారుతూ వచ్చింది. ఏ రూపంలోనైనా బృందం నడక ఇంటికి అందరికంటే దగ్గరగా ఉండే మహిళా కార్యకర్త మీదే ఆధారపడింది. స్థిరమైన జీతం, హోదా అందరికంటే ఆలస్యంగా చర్చకు వచ్చింది కూడా ఆమె విషయంలోనే.

భోర్ కమిటీకి ముందు

బ్రిటిష్ పాలనలో వైద్యం ఒక శాఖ, ప్రజారోగ్యం మరొక శాఖ. మద్రాసు రాష్ట్రంలో ఆస్పత్రులు సర్జన్ జనరల్ కింద, పారిశుద్ధ్యం, టీకాలు ప్రజారోగ్య డైరెక్టర్ కింద ఉండేవి. తాలూకా కేంద్రంలోని ఆస్పత్రిలో డాక్టరు, కాంపౌండరు వచ్చిన రోగిని చూసేవారు. రానివాళ్ల సంగతి వాళ్ల పరిధిలో లేదు. పల్లెల్లో కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగా జరిగేవి. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వర్తించింది. అది స్థానిక సంస్థలకు పారిశుద్ధ్యం, అంటువ్యాధుల బాధ్యత అప్పగించిందే తప్ప రోగి చికిత్సను దానితో కలపలేదు.

ఈ రెండింటినీ ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచనకు బయటి నమూనాలు ఉన్నాయి. బ్రిటన్‌లో 1920లో వెలువడిన డాసన్ నివేదిక నివారణ, చికిత్స కలిసి జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రతిపాదించింది. శ్రీలంకలోని కలుతరలో 1926లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో ఆరోగ్య యూనిట్ మొదలైంది. 1930లలో చైనాలోని డింగ్‌షియన్‌లో చెన్ జిచియన్ రైతు కుటుంబాల యువకులకే శిక్షణ ఇచ్చి, టీకాలు వేయడం, జనన మరణాలు రాయడం, చిన్న గాయాలకు మందు పెట్టడం వారికి అప్పగించాడు. చైనాలో ప్రజారోగ్య బోధకుడిగా ఈ ప్రయోగాన్ని దగ్గరగా చూసిన జాన్ గ్రాంట్ 1939లో కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు డైరెక్టరుగా వచ్చి, తర్వాత భారతదేశానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సూచించిన భోర్ కమిటీలో సభ్యుడయ్యాడు. భారతీయ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని లండన్ నుంచి దిగుమతి అయిన ఊహగా మాత్రమే చూడటం ఈ కారణంగానే సరికాదు.

భోర్ నివేదిక (1946)

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన ఆరోగ్య సర్వే, అభివృద్ధి కమిటీలో బి.సి. రాయ్, ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ వంటి పేరున్న వైద్యులు ఉన్నారు. కమిటీ లెక్కలో ముప్పై కోట్ల జనాభాకు సుమారు 47,500 మంది డాక్టర్లు, 7,000 మంది నర్సులే ఉన్నారు. నర్సుల కొరత డాక్టర్ల కొరత కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఒక డాక్టరుకు తోడు ఒక నర్సైనా లేని దేశంలో బృందం గురించి మాట్లాడటమే సాహసం.

కమిటీ ఆ సాహసమే చేసింది. తక్షణ చర్యగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సూచించింది. అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, ఒక నర్సు, నలుగురు మిడ్‌వైఫ్‌లు, నలుగురు శిక్షణ పొందిన మంత్రసానులు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఇద్దరు ఆరోగ్య సహాయకులు, ఒక ఫార్మసిస్టు ఉండాలంది. ఈ పట్టికలో డాక్టర్ల కంటే ఇళ్ల వెంట తిరిగే మహిళా సిబ్బంది ఎన్నో రెట్లు ఎక్కువ. మంత్రసానిని పక్కకు నెట్టకుండా శిక్షణ ఇచ్చి జట్టులోకి తీసుకోవడం కమిటీ చూపిన పెద్ద వివేకం. తర్వాతి దశాబ్దాల్లో ఆ వివేకం అంత గట్టిగా నిలవలేదు.

ఒక్కో జబ్బుకు ఒక్కో మనిషి

1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం కింద బ్లాకుకు ఒక పీహెచ్‌సీ చొప్పున ఏర్పడసాగాయి. ఒక్కో బ్లాకు జనాభా భోర్ అనుకున్న 40,000 కంటే చాలా ఎక్కువ, సిబ్బంది చాలా తక్కువ. జట్టు పుట్టకముందే పలచబడింది.

ఇంతలో జబ్బుల వారీ కార్యక్రమాలు వచ్చాయి. మలేరియా నియంత్రణ 1953లో మొదలై 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. నిఘా కార్యకర్త పదిహేను రోజులకోసారి ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నవాళ్ల వేలి నుంచి రక్తం తీసి గాజు పలక మీద పూసి పంపేవాడు. మశూచికి టీకాలవాడు వేరు, ట్రకోమా కంటి జబ్బుకు వేరు, కుటుంబ నియంత్రణకు వేరు. ప్రతి ఒక్కరికీ సొంత అధికారి, సొంత రిజిస్టరు, సొంత లక్ష్యం. మలేరియా మనిషి కళ్ల ముందే బిడ్డకు విరేచనాలైనా అది అతని పని కాదు.

1963లో చద్దా కమిటీ పదివేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తను పెట్టి, మలేరియా నిఘాతో పాటు జనన మరణాల నమోదు, కుటుంబ నియంత్రణ అతనికే ఇవ్వమంది. రెండేళ్లకే పద్ధతి తడబడింది. ఒకే మనిషి రెండు లక్ష్యాల మధ్య నలిగి రెండూ దెబ్బతింటున్నాయని చెప్పి ముఖర్జీ కమిటీ కుటుంబ నియంత్రణ సిబ్బందిని మళ్లీ వేరు చేయించింది. 1967లో జంగల్‌వాలా కమిటీ ఇందుకు ఎదురుగా నిలిచి, పై నుంచి కింది దాకా ఏకీకృత సేవ, ఉమ్మడి సీనియారిటీ, సమాన పనికి సమాన వేతనం కావాలంది. ఎవరి కింద ఎవరు, ఎవరి జీతం ఎంత అన్న చిక్కు తేలకుండా జట్టు కుదరదని చెప్పిన ఆ నివేదికకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

కర్తార్ సింగ్ కమిటీ (1973)

మలుపు ఇక్కడ ఉంది. 1972లో ఏర్పడిన కర్తార్ సింగ్ కమిటీ ఒకే ఇంటికి వేర్వేరు శాఖల మనుషులు వరుసగా వెళ్లడాన్ని ఆపాలని చెప్పింది. ఏఎన్‌ఎం స్త్రీ ఆరోగ్య కార్యకర్త అవుతుంది. మలేరియా నిఘా కార్యకర్త, టీకాలవాడు, ట్రకోమా ఆరోగ్య విద్యా సహాయకుడు, కుటుంబ నియంత్రణ సహాయకుడు అందరూ పురుష ఆరోగ్య కార్యకర్తలవుతారు. యాభై వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ, దాని కింద పదహారు సబ్ సెంటర్లు, ఒక్కో సబ్ సెంటర్‌లో ఒక స్త్రీ, ఒక పురుషుడు. ముగ్గురు నలుగురు కార్యకర్తలకు ఒక సూపర్‌వైజరు. లేడీ హెల్త్ విజిటర్లను ఆ స్థానంలోకి తెచ్చారు. ఈనాటి సబ్ సెంటర్‌కు అసలు పటం ఇదే.

అమలులో జంట విడిపోయింది. స్త్రీ కార్యకర్త జీతం కేంద్రం భరించింది, పురుష కార్యకర్త జీతం రాష్ట్రాల మీద పడింది. నిధుల కటకట ఉన్న రాష్ట్రాలు పురుషుల ఖాళీలను నింపలేదు. అన్ని పనులూ చేయాల్సిన ఇద్దరిలో ఒకరే మిగిలారు. ఊరివాళ్లు నర్సమ్మ అని పిలిచే ఏఎన్‌ఎం కాన్పులు, టీకాలు, ఆపరేషన్ల లక్ష్యాలు, జ్వరాల సర్వే అన్నీ తలకెత్తుకుంది. ఆమె పేరుకు జట్టులో ఒకరు, పనికి సబ్ సెంటర్ మొత్తం ఆమే. 1983 జాతీయ ఆరోగ్య విధానం తర్వాత మైదాన ప్రాంతాల్లో 5,000, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు సబ్ సెంటర్ అన్న కొలత స్థిరపడింది. పీహెచ్‌సీకి 30,000, 20,000 అయ్యాయి.

ఊరి మనిషి జట్టులోకి

1975లో శ్రీవాస్తవ బృందం సమాజంలోంచే కార్యకర్తలను ఎంచుకోవాలని చెప్పింది. 1977 అక్టోబరు 2న వెయ్యి మందికి ఒకరు చొప్పున సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైనవాళ్లలో చాలామంది పురుషులే కావడంతో కాన్పు, పసిబిడ్డ సంరక్షణ వారి చేతికి అందలేదు. పేర్లు మారుతూ పథకం క్షీణించింది. 1978 సెప్టెంబరులో జరిగిన ఆల్మా అటా సమావేశం డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు, సామాజిక కార్యకర్తలు, అవసరమైన చోట సంప్రదాయ వైద్యులు ఒక ఆరోగ్య బృందంగా పనిచేయాలని ప్రకటించింది. అదే సమయంలో మన దేశంలో ఊరి కార్యకర్త అనే చివరి మెట్టు కుంగిపోసాగింది.

దారి చూపినవి స్వచ్ఛంద ప్రయత్నాలు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచి రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు చదువురాని పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. తెలంగాణ సరిహద్దులోని గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు ఊరి స్త్రీలకు నవజాత శిశువు ఊపిరి, ఉష్ణోగ్రత చూడటం, ఇన్‌ఫెక్షన్ గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. అక్కడ నవజాత శిశు మరణాలు వెయ్యికి 62 నుంచి 25.5కు తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ ప్రచురించింది. ఛత్తీస్‌గఢ్ మితానిన్ కార్యక్రమం 2002లో మొదలైంది. 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా వ్యవస్థను తెచ్చింది. ఈసారి స్త్రీలే, ఆ ఊరివాళ్లే. చెల్లింపు మాత్రం చేసిన పనిని బట్టి ప్రోత్సాహకం.

ఒక గర్భిణి విషయంలో బృందం

బృందం పని ఎక్కువగా కనిపించేది ఇక్కడే. నెల తప్పిన సంగతి ముందు తెలిసేది ఆశా కార్యకర్తకు. ఏఎన్‌ఎం పేరు నమోదు చేసి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తుంది, బరువు, బీపీ, హిమోగ్లోబిన్ చూస్తుంది, ఐరన్ మాత్రలు అందిస్తుంది. అంగన్‌వాడీలో పౌష్టికాహారం దొరుకుతుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టరు గర్భిణులను పరీక్షించి ప్రమాదం ఉన్నవాళ్లను వేరుగా గుర్తిస్తారు. రక్తం తక్కువున్నా, బీపీ పెరిగినా ఏరియా ఆస్పత్రికి పంపుతారు. కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూస్తుంది. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. ఈ గొలుసు ఎక్కువగా తెగేది ఒకరి నుంచి ఒకరికి రోగిని అప్పగించే చోట: పంపిన ఆస్పత్రి నుంచి ఏం చేశారో తిరిగి సబ్ సెంటర్‌కు కబురు రాకపోతే ఆరో రోజు జ్వరాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇంటికి వెళ్లిన మనిషికి తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లో

2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 108 అంబులెన్స్ సేవ బృందంలోకి కొత్తగా ఇద్దరిని తెచ్చింది: అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు, పైలట్ అని పిలిచే డ్రైవరు. ఆ తర్వాత వచ్చిన 104 సంచార వాహనాలు నిర్ణీత రోజున ఊరికి వెళ్లి బీపీ, షుగరు మందులు ఇచ్చాయి. తెలంగాణ 2018లో బస్తీ దవాఖానాలతో ప్రాథమిక వైద్యాన్ని నగరపు పేటలకు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంతో పల్లెలకు వెళ్లేలా ఏర్పాటు చేశారు. 2021 కోవిడ్ రెండో దశలో తెలంగాణ జ్వర సర్వే ఆశా, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ సిబ్బంది కాళ్ల మీదే నడిచింది.

2018లో హెల్త్ అండ్ వెల్‌నెస్ పేరుతో ఆరంభమైన కేంద్రాలు సబ్ సెంటర్‌కు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరును తెచ్చాయి. ఎక్కువగా నర్సింగ్ చదివి ఆరు నెలల అదనపు శిక్షణ పొందినవాళ్లే ఈ పదవిలో ఉంటారు. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు, క్యాన్సర్ పరీక్షలు వీరి నాయకత్వంలో జరుగుతాయి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. ఆంధ్రప్రదేశ్ 2019లో వారి నెలవారీ మొత్తాన్ని 10,000 రూపాయలకు పెంచింది. తమను ఉద్యోగులుగా గుర్తించాలన్న వారి డిమాండు దేశమంతటా సాగుతోంది. వెల్‌నెస్ కేంద్రాల్లో ఆశా, ఏఎన్‌ఎంలకు విడివిడి ప్రోత్సాహకాలతో పాటు కేంద్రం మొత్తం పనితీరును బట్టి బృందానికి ఇచ్చే ప్రోత్సాహకం కూడా చేరింది.