ప్రహసనమూ ధర్మాగ్రహమూ: నాట్యశాస్త్రం నుండి వెండితెర వరకు



హాస్యం వల్ల ఆస్తికుల మనస్సు నొచ్చుకోవడం చలనచిత్రాలతో పుట్టిన వ్యవహారం కాదు. భరతముని నాట్యశాస్త్రమే ఒక వివాదంతో ఆరంభమై మరొక వివాదంతో ముగుస్తుంది. ఇంద్రధ్వజోత్సవంలో ప్రదర్శింపబడిన తొలి నాట్యానికి దైత్యుల పరాజయమే ఇతివృత్తం. అది చూచి దైత్యులు క్షోభించారు. విరూపాక్షుని ముందుంచుకొని విఘ్నగణాలు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని సైతం స్తంభింపజేశాయి. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని చెదరగొట్టాడు. ఆ దండానికే జర్జరమని పేరు వచ్చింది. అయినా విషయం దండంతో తీరలేదు. బ్రహ్మదేవుడే దైత్యులను సామోపాయంతో అనునయింపవలసి వచ్చింది. నాట్యం దైత్యులను మాత్రమే గాని దేవతలను మాత్రమే గాని చూపేది కాదనీ, ముల్లోకాల భావాలను అనుకీర్తించేదనీ ఆయన సమాధానం.

గ్రంథాంతంలో కథ తలక్రిందులవుతుంది. నాట్యవేదం కరతలామలకమైన పిదప భరతపుత్రులకు మదం ఎక్కింది. ఋషులను పరిహసించే ప్రహసనాలు సభలలో ఆడారు. ఋషులు కోపించి, ఆ నటుల జ్ఞానం నశించుగాక, వారి వంశం హీనదశ పొందుగాక అని శపించారు. దేవతలు ప్రార్థింపగా నాట్యం మాత్రం నశింపదని అభయమిచ్చారు. శాపం హద్దు మీరిన నటులకు తగిలింది గాని కళకు తగలలేదు. ఈ సూక్ష్మాన్ని తరువాతి కాలంలో అటు నటులూ ఇటు కోపించినవారూ కూడా తరచు మరచిపోయారు.

ప్రహసనాన్ని దశరూపకాలలో ఒకటిగా శాస్త్రం అంగీకరించింది. 7వ శతాబ్ది ఆరంభంలో కాంచీపురాన్ని ఏలిన పల్లవ మహేంద్రవర్మ స్వయంగా మత్తవిలాస ప్రహసనాన్ని రచించాడు. మద్యమత్తుడైన కాపాలికుని భిక్షాకపాలం పోతుంది. అతడు బౌద్ధభిక్షువును దొంగ అంటాడు, పాశుపతుడు తీర్పరిగా వస్తాడు, తీరా చూస్తే కపాలాన్ని ఎత్తుకుపోయినది ఒక కుక్క! శివుడూ బుద్ధుడూ అందులో హాస్యానికి గురికారు. వారి పేరు చెప్పుకొని తిరిగే దాంభికులే గురవుతారు. ఆ ప్రహసనాన్ని కేరళ దేవాలయాలలో చాక్యార్లు మొక్కుబడిగా ఆడే సంప్రదాయం ఉంది. ఇక సంస్కృత నాటకాలలో విదూషకుడు బ్రాహ్మణుడే, అందునా తిండిపోతు. శాకుంతలంలోని మాధవ్యుని చూచి విద్వత్సభలు నవ్వాయి గాని నొచ్చుకోలేదు.

తెలుగునాట ప్రదర్శనకున్న శక్తికి కడపసీమయే సాక్షి. పెన్నాతీరాన ఉన్న సిద్ధవటాన్ని సంబెట గురవరాజు ఏలుతూ, పన్నుల కోసం స్త్రీలను హింసించేవాడని మాచుపల్లి కైఫియత్తు చెబుతుంది. అది కన్న కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, వీరనరసింహరాయల సన్నిధిలో ఆ దౌష్ట్యాన్నే కేళికగా ఆడి చూపారు. రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. నేడు ఖాజీపేట, మైదుకూరు దారుల వెంట సాగేవారిలో ఎందరికి ఈ వృత్తాంతం తెలుసునో! రాయలసీమ తోలుబొమ్మలాటలోనూ రామకథ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి మోటుగా నవ్విస్తారు. వారు వెళ్ళగానే సీతారాములకు ప్రేక్షకులు చేతులు జోడిస్తారు.

చలనచిత్ర యుగంలో ఈ వివాదానికి ప్రసిద్ధ ఉదాహరణ ఆంగ్లదేశానిది. 1979లో మాంటీ పైథాన్ బృందం తీసిన లైఫ్ ఆఫ్ బ్రయన్ చిత్రంలో, క్రీస్తు జన్మించిన వేళనే పొరుగు పశువులపాకలో పుట్టిన ఒకడిని జనం రక్షకుడని భ్రమిస్తారు. దానికి ధనం సమకూర్చినవాడు కృష్ణభక్తుడైన సంగీతకారుడు జార్జ్ హారిసన్ కావడం విశేషం. నార్వే, ఐర్లండు దానిని నిషేధించాయి. ఆ సంవత్సరం నవంబరులో బీబీసీ చర్చలో మాల్కం మగరిడ్జ్, సదర్క్ బిషప్ ఆ చిత్రాన్ని తీవ్రంగా ఖండించారు. వారు చిత్రప్రదర్శనకు ఆలస్యంగా వచ్చి, మొదటి పావుగంట చూడనే లేదని తరువాత బయటపడింది. క్రీస్తు వేరు, బ్రయన్ వేరు అని స్పష్టం చేసే దృశ్యాలు ఆ పావుగంటలోనే ఉన్నాయి. 2011లో ఆ వివాదమే హోలీ ఫ్లయింగ్ సర్కస్ అనే మరొక హాస్యచిత్రానికి వస్తువైంది. కోపమే పరిహాసానికి ముడిసరుకైన వింత ఇది.

తెలుగులో 2012 అక్టోబరులో విడుదలైన దేనికైనా రెడీ చిత్రంపై బ్రాహ్మణ సంఘాలు నిరసనకు దిగాయి. సులేమాన్ అనే యువకుడు కృష్ణశాస్త్రిగా వేషం వేసి యాగం చేయించడానికి ఒక ఇంటికి వెళ్ళడం అందులోని కథ. వేషం మార్చడం హాస్యానికి పాత ఉపాయమే, అందులో దోషం లేదు. నొప్పి వేరొకచోట ఉంది. మత్తవిలాసంలో రాజు దాంభికుని చూచి నవ్వాడు. నేటి తెర తరచుగా పిలక, పంచె, పంచాంగం చూచి నవ్వుతుంది. పల్లెలో దీపారాధన నూనెకే వెదుక్కొనే అర్చకుని వేషం దాంభికుని వేషంగా చెలామణి అవుతున్నది. విదూషకుని చూచి సభ నవ్వినప్పుడు ఆ సభలోనే వేదవేత్తకు అగ్రాసనం ఉండేది. ఈనాడు సినిమా తప్ప పురోహితుని మరెక్కడా చూడని బాలునికి ఆ నవ్వొక్కటే మిగులుతుంది.

మంత్రాన్ని వంకరగా పలికించి నవ్వించడం మరీ బరువైన సంగతి. ఇంద్రుని చంపే పుత్రుని కోరిన త్వష్ట స్వరం తప్పి పలికినందున, ఇంద్రునిచేత చచ్చే వృత్రుడు పుట్టాడని వేదాధ్యయనంలో మొదట చెప్పే కథ. ఒక్క స్వరం కోసం పుష్కరకాలం గురుకులంలో గడిపినవానికి ఆ హాస్యం నవ్వుగా వినబడదు. ఆ బాధ నిజమైనదే. అయితే దానిని ధర్నాగా మార్చినప్పుడు చిత్రానికి ప్రచారమే మిగులుతుంది.

2015 సంక్రాంతికి వచ్చిన గోపాల గోపాల వేరు జాతిది. కాంజీ విరుద్ధ్ కాంజీ అనే గుజరాతీ నాటకం 2012లో హిందీ చిత్రమై, అటుపై తెలుగైంది. భూకంపంలో దుకాణం కోల్పోయిన నాస్తికుడు దేవునిపై వ్యాజ్యం వేస్తాడు. అతనికి తోడు వచ్చేది సాక్షాత్తు కృష్ణుడే! చివరకు జనం ఆ నాస్తికునికే విగ్రహం కట్టబోగా అతడే అడ్డుపడతాడు. ఇందులో ఈశ్వరునికి లోపం జరగలేదు. భక్తి పేర వ్యాపారం చేసేవారిని వేమన అంతకంటె కఠినంగా మందలించాడు. ఆ పద్యాలను అర్చకుల పిల్లలూ కంఠస్థం చేస్తూనే ఉన్నారు.

ఆ కథ రేపిన ప్రశ్నలలో అభిషేకక్షీరం మురుగుకాలువలో కలవడం ఒకటి. దీనికి కోపం జవాబు కాదు. అభిషేకజలం తీర్థమై భక్తులకు అందాలి. దానిని తొక్కరాదు, దాటరాదు. శివాలయ ప్రదక్షిణలో సోమసూత్రాన్ని దాటకూడదనే నియమం అందుకే. పాలు కాలువకు పోవడం విధిలోని దోషం కాదు, విధి తప్పిన నిర్వహణలోని దోషం. కొన్ని ఆలయాలలో భక్తులు తెచ్చిన పాలలో ఒక పాత్రమాత్రమే లింగంపై ధారవోసి, మిగిలినది కాచి ప్రసాదంగా పంచుతున్నారు.