కథలోంచి గ్లాసులోకి: నికర్‌బాకర్ గ్లోరీ

జె.కె. రౌలింగ్ హ్యారీ పాటర్ నవలల్లో 1997లో వచ్చిన మొదటిదానిలో ఒక చిన్న సందర్భం ఉంది. డడ్లీ పుట్టినరోజున అందరూ జూకి వెళ్తారు. అక్కడి రెస్టారెంట్‌లో డడ్లీకి 'నికర్‌బాకర్ గ్లోరీ' తెప్పిస్తారు. పైన ఐస్‌క్రీం తక్కువైందని వాడు పేచీ పెడితే తండ్రి ఇంకొకటి కొనిస్తాడు. వాడు వద్దన్న గ్లాసు తినడానికి హ్యారీకి అనుమతి దొరుకుతుంది. పిల్లలు నవ్వుకుని దాటిపోయే సంగతి ఇది. నేను దాటలేకపోయాను. మిగిలింది తినడం, అదీ ఎవరో సరేనంటే తినడం, మన ఇళ్లలో ఆడవాళ్లకి కొత్త కాదు. ముక్కల్లేని పులుసుతో, పిల్లలు వదిలేసిన పెరుగన్నంతో భోజనం అయిందనిపించుకున్న తల్లుల్ని చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ఆ గ్లాసు సంగతి తేల్చుకోవాలనిపించింది. ఆ పేరు ఎక్కడిదో వెతికాను, ఆ పదార్థాన్ని ఇంట్లో తయారు చేశాను.

నికర్‌బాకర్ గ్లోరీ అంటే పొడవాటి గాజు గ్లాసులో పండ్ల ముక్కలు, జెల్లీ, ఐస్‌క్రీం, పండ్ల రసం పొరలు పొరలుగా పేర్చి, పైన గిలకొట్టిన మీగడ, ఒక చెర్రీ పెట్టి, పొడుగు చెంచాతో ఇచ్చే బ్రిటిష్ తీపి వంటకం. మన ఫలూదాకి దూరపు చుట్టంలా కనిపిస్తుంది. పేరు మాత్రం అమెరికన్ కల్పనా సాహిత్యం నుంచి వచ్చింది. 1809 అక్టోబరులో న్యూయార్క్ పత్రికల్లో ఒక ప్రకటన పడింది. డీడ్రిక్ నికర్‌బాకర్ అనే ముసలాయన హోటల్ గది నుంచి కనిపించకుండా పోయాడని, ఆచూకీ తెలిస్తే చెప్పమని. తర్వాత, అతను వదిలిపోయిన రాతప్రతిని అచ్చువేసి బాకీ రాబట్టుకుంటానని హోటల్ యజమాని పేరుతో ఇంకో ప్రకటన వచ్చింది. అలాంటి ముసలాయన ఎవరూ లేరు. ఇదంతా వాషింగ్టన్ ఇర్వింగ్ అనే యువ రచయిత తన 'న్యూయార్క్ చరిత్ర'ని అమ్ముకోవడానికి అల్లిన కట్టుకథ. లేని చరిత్రకారుడి పేరు ఊరికి అంటుకుంది. న్యూయార్క్ పాత కుటుంబాల వాళ్లకి 'నికర్‌బాకర్లు' అన్న పేరు స్థిరపడింది.

ఇదే నికర్‌బాకర్ కాగితాల్లో దొరికిందంటూ ఇర్వింగ్ 1819లో 'రిప్ వాన్ వింకిల్' కథ ప్రచురించాడు. మనలో చాలామంది స్కూల్లో చదువుకున్న కథే. ఊరందరి పనులూ చేసిపెట్టి సొంత పొలం మాత్రం పట్టించుకోని రిప్, భార్య నోటికి భయపడి కొండెక్కి, ఇరవై ఏళ్లు నిద్రపోతాడు. లేచేసరికి భార్య చనిపోయి ఉంటుంది, కూతురు జూడిత్ అతన్ని ఇంటికి తీసుకెళ్తుంది. అమెరికన్ విమర్శకురాలు జూడిత్ ఫెటర్లీ 1978లో 'ది రెసిస్టింగ్ రీడర్' పుస్తకంలో ఈ కథని తీసుకుని, పాఠకురాలు ఇక్కడ తనకి వ్యతిరేకంగా తానే నిలబడి చదవాల్సివస్తుందని చూపించింది. కథలో కూతురికి పేరుంది, కుక్కకి పేరుంది. భార్య మాత్రం చివరిదాకా వాన్ వింకిల్ భార్యే, ఆమెకంటూ వేరే పేరు లేదు. ఆ ఇరవై ఏళ్ల నిద్ర గురించి చదివినప్పుడల్లా నాకు అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' గుర్తొస్తుంది. అందులో స్త్రీకి జీవితమంతా కావలసింది కాస్త కంటినిండా నిద్ర. ఒకరి నిద్ర వినోద కథ అయింది, ఇంకొకరి నిద్ర తీరని కోరిక అయింది.

నికర్‌బాకర్ అన్న మాట తర్వాత బట్టల్లోకి వెళ్లింది. ఇర్వింగ్ పుస్తకం లండన్ ముద్రణకి జార్జ్ క్రూక్‌షాంక్ వేసిన బొమ్మల్లో డచ్చివాళ్లు మోకాళ్ల దగ్గర బిగించిన వదులు లాగులు తొడుక్కుని ఉంటారు. ఆ లాగులకి 'నికర్‌బాకర్స్' అని పేరొచ్చింది. ఆ మాట కురచై 'నికర్స్' అయింది. మన మగపిల్లల 'నిక్కరు' కూడా అక్కడిదే. 1890ల్లో సైకిల్ వచ్చాక ఇంగ్లండు స్త్రీలు కొందరు పొడుగు గౌన్లు వదిలేసి ఈ లాగులు తొడిగారు. 1881లో ఏర్పడిన రేషనల్ డ్రెస్ సొసైటీ ఈ మార్పు కోసమే పోరాడింది. దాని అధ్యక్షురాలు లేడీ హార్బర్టన్ 1898 అక్టోబరులో సైకిల్ తొక్కుకుంటూ సర్రీలోని ఆకమ్ గ్రామంలో హాట్‌బాయ్ హోటల్‌కి వెళ్లింది. ఆ దుస్తుల్లో కాఫీ గదిలోకి రానివ్వనంది హోటల్ యజమానురాలు. మగవాళ్లు చుట్టలు కాల్చే బార్ గదిలో కావాలంటే కూర్చోమంది. 1899లో కేసు కోర్టుకెళితే జ్యూరీ యజమానురాలి పక్షమే తీసుకుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అడ్డం నిలబడినది కూడా స్త్రీయే. పితృస్వామ్యం తన తలుపుల దగ్గర కాపలాకి చాలాసార్లు మనల్నే పెడుతుంది. రెండు, గొడవ తిండి గురించి కాదు, ఎక్కడ కూర్చోవాలన్న దాని గురించి. 19వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో మగతోడు లేకుండా వెళ్తే స్త్రీలకి చాలా హోటళ్లలో చోటుండేది కాదు. ఐస్‌క్రీం సెలూన్లలో మాత్రం గౌరవంగా కూర్చునే వీలుండేది. మన ఊళ్లలో ఇరానీ హోటళ్లు, టీకొట్ల ముందు బల్లలు ఎంతకాలం మగవాళ్లవిగానే ఉండిపోయాయో తెలిసిన మనకి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఐస్‌క్రీం సంగతి. చేత్తో తిప్పే ఐస్‌క్రీం యంత్రానికి 1843లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది నాన్సీ జాన్సన్ అనే స్త్రీ. చెక్క బక్కెట్టు, లోపల డబ్బా, మధ్యలో ఐసూ ఉప్పూ. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కన్నా దిగువకి చల్లబడుతుంది, పాలమీగడ గడ్డకడుతుంది. ఇంగ్లండులో ఆగ్నెస్ మార్షల్ 1883లో లండన్‌లో వంట పాఠశాల నడపడం మొదలుపెట్టి, 1885లో 'ది బుక్ ఆఫ్ ఐసెస్', 1894లో 'ఫ్యాన్సీ ఐసెస్' రాసింది. సొంత యంత్రానికి పేటెంటు తీసుకుంది, వారపత్రిక నడిపింది. 1905లో ఆమె చనిపోయాక ఆ పేరు దాదాపు వంద సంవత్సరాలు మరుగున పడిపోయింది. లేని చరిత్రకారుడి పేరు గ్లాసు మీద నిలిచింది, ఉన్న ఇద్దరు స్త్రీల పేర్లు పేటెంటు కాగితాల్లో మిగిలాయి.

ఆ ఐసు మన దాకా కూడా వచ్చింది. అమెరికాలో చెరువుల మీద కోసిన మంచుగడ్డలు ఓడల్లో 1833లో కలకత్తాకి చేరాయి. మద్రాసులో సముద్రపు ఒడ్డున 1842లో ఐస్‌హౌస్ కట్టారు. ఆ ఐసు దొరలకీ, డబ్బున్నవాళ్లకీ. తెలుగు జిల్లాలకి కూడా రాజధాని అయిన ఆ ఊళ్లో, 20వ శతాబ్దపు రెండో దశకంలో, అదే కట్టడంలో సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువులకి వసతి కల్పించి చదువు చెప్పించింది. పెళ్లి పంక్తిలో విస్తరి లేని పిల్లలు వాళ్లు. ఐసు అమ్మిన గోడల మధ్య వాళ్లు పలకలు పట్టి కూర్చున్నారు.

తయారీకి వస్తాను. మే నెల, బంగినపల్లి మామిడి కాలం. ఆరు పొడవాటి గ్లాసులు ఫ్రిజ్‌లో పెట్టాను. లీటరు నీళ్లకి పది గ్రాముల లెక్కన చైనాగ్రాస్ కరిగేదాకా మరిగించి, చక్కెరా నల్లద్రాక్ష రసమూ కలిపాను. అడుగున మామిడి ముక్కలు వేసి, వాటి మీద ఈ జెల్లీ గోరువెచ్చగా పోసి గట్టిపడనిచ్చాను. పండ్ల ముక్కల నీరు వార్చాలి, లేకపోతే ఐస్‌క్రీంలో పలుకులు కడతాయి. పుచ్చకాయ పనికిరాదు, పొరలన్నీ కలిసిపోతాయి. జెల్లీ మీద వెనిలా ఐస్‌క్రీం, దాని మీద మామిడి గుజ్జు, దానిమ్మ గింజలు, మళ్లీ ఐస్‌క్రీం, పైన మీగడ, జీడిపప్పు, చెర్రీ. పులుసూ కూరా అయితే చేసినావిడ కోసం గిన్నెలో ఆగుతాయి. ఇది ఆగదు. ఒక్కొక్క గ్లాసే కూర్చి అందిస్తూ పోతే, చివర కూర్చునేవాళ్ల చేతికి పాలనీళ్లు మిగులుతాయి. అందరికీ పెట్టి ఆఖర్న తినే పద్ధతి ఈ వంటకం దగ్గర సాగదు.

అందుకని జెల్లీ గట్టిపడ్డ గ్లాసులూ మిగతా గిన్నెలూ అన్నీ బల్ల మీదే పెట్టి, ఎవరిది వాళ్లు పేర్చుకోండి అన్నాను. నాన్న, అక్క, బావ, అక్క కూతురు కూర్చున్నారు. "మీరు కానివ్వండి, నేను తర్వాత చూస్తాలే" అంది అమ్మ, నిలబడే. "కరిగిపోతుంది అమ్మమ్మా, కూర్చో" అని మనవరాలు కుర్చీ లాగింది. అమ్మ దానిమ్మ గింజలు గుప్పెడు పోసుకుంది, ఐస్‌క్రీం రెండుసార్లు వేసుకుంది, జీడిపప్పు గిన్నె పక్కకి జరిపింది. ఆవిడకి జీడిపప్పు ఇష్టం లేదని ముప్పై ఏళ్లు దాటాక ఆ రోజు తెలిసింది నాకు. మాకు పెట్టగా మిగిలింది తినే మనిషికి ఇష్టాయిష్టాలు ఉన్నాయేమోనన్న ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఎవరిది వాళ్లు చేసుకోవడం నా ఆలోచనేమీ కాదు. 1901లోనే మార్షల్ తన పత్రికలో రాసింది, ద్రవరూపంలోని గాలి చుక్కలు కలిపితే విందులో ప్రతి అతిథీ బల్ల దగ్గరే చెంచాతో కలుపుకుని తన ఐస్‌క్రీం తాను చేసుకోవచ్చని. నేటి హోటళ్లలో ద్రవ నత్రజనితో చేసే ఐస్‌క్రీంకి అది ముందుచూపు. అయితే ఆ చుక్కలు వేయాల్సింది మాత్రం పనిమనిషి అని ఆమె రాసింది. విందులో అందరూ కూర్చున్నారు, ఒకరు నిలబడే ఉన్నారు. మన స్త్రీవాదం మధ్యతరగతి వంటింటి గురించి మాట్లాడినప్పుడల్లా దళిత బహుజన స్త్రీలు అడిగిన ప్రశ్న కూడా ఇదే. మా ఇంట్లోనూ అంతే. ఆ సన్నటి గ్లాసుల అడుగుకి చెయ్యి పోదు, బ్రష్షు పెట్టి తోమాలి. మర్నాడు పొద్దున వచ్చే ఆమె కోసం వాటిని సింకులో వదిలేయడం మాకు అలవాటు. ఆ రాత్రి బావా నేనూ కడిగాం. ఆరు గ్లాసులకి ఇరవై నిమిషాలు పట్టింది.