చదును పాదం మీద పాత అపవాదు

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. కెనడా సైన్యంలో చేరిన కుర్రాళ్లను ఒక్కొక్కరినే పిలిచి రబ్బరు చాప మీద కాలు మోపమంటున్నారు. ఆ చాపకు ఒకవైపు సన్నటి గళ్లు, గళ్ల గీతల్లో కొన్ని ఎత్తు, కొన్ని పొట్టి. ఆ వైపు సిరా పూసి, కాగితం మీద బోర్లా పరుస్తారు. పాదం గట్టిగా ఆనినచోట పొట్టి గీతలు కూడా దిగి ముద్ర నల్లగా పడుతుంది. తేలిగ్గా ఆనినచోట ఎత్తు గీతలే తగిలి పలచగా వస్తుంది. ఆననిచోట కాగితం తెల్లగా మిగిలిపోతుంది. ఆర్.ఐ.హారిస్, టి.బీత్ అనే ఇద్దరు 3,600 మందికి పైగా సైనికుల పాదాలను ఇలా పరీక్షించి 1947లో నివేదిక అచ్చువేశారు. చదును పాదం, అంటే ‘ఫ్లాట్ ఫుట్’, రోగమేనన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

ఉక్కు పలకల కాలం

పాదంలో 26 ఎముకలుంటాయి. వాటిని బిగించి పట్టే స్నాయువులు, పిక్క నుంచి దిగివచ్చే కండర బంధనాలు కలిసి లోపలివైపు ఒక వంపును నిలబెడతాయి. తడికాలితో గచ్చు మీద నడిస్తే ముద్ర మధ్యలో ఖాళీ మిగిలేది ఆ వంపు వల్లే. కొందరికి ముద్ర నిండుగా పడుతుంది. పసిపిల్లలకైతే దాదాపు అందరికీ అంతే. అరికాలి కొవ్వు వంపును కప్పేస్తుంది, స్నాయువులూ వదులుగా ఉంటాయి. పదేళ్లు వచ్చేసరికి చాలామందికి వంపు దానంతటదే తేలుతుంది. పెద్దయ్యాక కూడా చదునుగానే మిగిలిపోయే పాదాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి.

19వ శతాబ్ది చివర్లో ఈ పాదాల మీద వైద్యుల దృష్టి పడింది. న్యూయార్క్ శస్త్రవైద్యుడు రాయల్ విట్‌మన్ పాదం అచ్చు తీసి, దానికి సరిపడేలా ఉక్కు పలక చేయించి బూటులో పెట్టించేవాడు. తర్వాతి తరంలో షికాగోకు చెందిన విలియం షోల్ ఇలాంటి ఆసరాలను దుకాణాల్లో అమ్మే సరుకుగా మార్చాడు. సైన్యాలు కూడా వంపు లేని పాదం కవాతుకు పనికిరాదని తేల్చేశాయి.

అదే కాలంలో అమెరికా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ మన్సన్ మాత్రం తప్పంతా పాదానిదేనని ఒప్పుకోలేదు. బూటు సంగతీ చూడాలన్నాడు. మూటతో నిలబడినప్పుడు పాదం ఎంత పొడవు, వెడల్పు పెరుగుతుందో కొలిచి, వేళ్ల దగ్గర విశాలంగా, లోపలి అంచు తిన్నగా ఉండే బూటు అచ్చు తయారు చేయించాడు. 1912లో అమెరికా సైన్యం దాన్నే తీసుకుంది.

ముద్ర చెప్పని సంగతి

వంపు ఎంత ఎత్తుందన్నది ఒక్కటే చూసి పాదం బలాబలాలు చెప్పలేమన్నది హారిస్, బీత్ తేల్చిన విషయం. నిలబడితే వంపు అణిగిపోయినా, మునివేళ్ల మీద లేచినప్పుడు మళ్లీ కనిపించే పాదాన్ని మెత్తని చదును పాదం అంటారు. అలాంటివాళ్లు చాలామంది ఏ నొప్పీ లేకుండా సైన్యంలో నడిచారు. ఇబ్బంది పడింది రెండు రకాలవాళ్లు. ఒకరు మడమ వెనక బంధనం పొట్టిగా, బిగుసుగా ఉన్నవాళ్లు. మరొకరు పాదం వెనకభాగంలో ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని, పాదం బిర్రుగా మారినవాళ్లు.

1993లో వెలువడిన అమెరికా సైనిక అధ్యయనం ఇంకో ముడి విప్పింది. ఫోర్ట్ బెన్నింగ్ శిక్షణ శిబిరంలో 246 మంది కుర్రాళ్లను గమనిస్తే, ఎక్కువ దెబ్బలు తగిలింది వంపు ఎత్తుగా ఉన్నవారికి. బాగా చదునైన పాదాలవారికే తక్కువ! అయినా నియమాలు అంత తొందరగా మారవు. మన తెలుగు రాష్ట్రాల పోలీసు నియామక ప్రకటనల్లో మెల్లకన్ను, ఉబ్బిన నరాల సరసన ‘ఫ్లాట్ ఫుట్’ కూడా అనర్హతల జాబితాలోనే ఉంటూ వచ్చింది.

పిల్లల బూట్ల పరీక్ష

పిల్లల పాదాల చుట్టూ ఇంకో వ్యాపారం సాగింది. చీలమండ దాటే గట్టి బూట్లు తొడిగిస్తే వంపు వస్తుందని తల్లిదండ్రులు నమ్మారు. అమెరికాలోని డల్లాస్‌లో ఎముకల వైద్యుడు డెన్నిస్ వెంగర్ బృందం 129 మంది చిన్నపిల్లలను తీసుకుని, కొందరికి బూట్లు, కొందరికి బూటు లోపలి ఆసరాలు ఇచ్చి, కొందరికి ఏమీ ఇవ్వకుండా మూడేళ్లు చూసింది. 1989లో ఫలితం ప్రకటించారు: అన్ని గుంపుల్లోనూ పాదాలు మెరుగుపడ్డాయి, ఏమీ ఇవ్వనివాళ్లకు కూడా అంతే. పెరిగే వయసు చేసిన పనికి బూటు పేరు కొట్టేసిందన్నమాట.

మూడేళ్ల తర్వాత కర్ణాటక నుంచి వచ్చిన ఫలితం ఇంకా ఆసక్తికరం. కస్తూర్బా మెడికల్ కాలేజీకి చెందిన యు.బి.రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీశారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టికాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం మందికే ఉన్నాయి. వేళ్లు మూసుకుపోయే బూట్లు వేసుకున్నవారిలో ఎక్కువ, శాండల్స్, స్లిప్పర్ల వారిలో తక్కువ. పసితనంలో బిగుతు బూట్లు వంపు ఏర్పడటానికి అడ్డుపడవచ్చని వాళ్ల అభిప్రాయం. ఇంట్లో, శుభ్రమైన నేల మీద పిల్లల్ని వట్టికాళ్లతో ఆడనివ్వడానికి ఇదొక మంచి ఆధారం.

కొనేముందు

నొప్పి లేని చదును పాదానికి ప్రత్యేకించి ఏమీ కొనక్కర్లేదు. ఎక్కువసేపు నిలబడితే అరికాలు, చీలమండ లోపలివైపు లాగుతుంటేనే చెప్పుల సంగతి ఆలోచించాలి. బూటు వెనకభాగాన్ని బొటనవేలితో నొక్కితే సొట్టపడకూడదు. ముందుకు వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడిమికి మడతపడితే వద్దు. రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పితే తడిబట్టలా మెలిపడే బూటు ఆసరా ఇవ్వదు. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొలత చూసుకోవాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. హవాయి చెప్పుల కన్నా మడమ వెనక పట్టీ ఉన్న శాండల్ నయం. పిక్క బిగుసుగా ఉన్నవారికి గోడ పట్టుకుని పిక్క సాగదీసే వ్యాయామం కూడా మేలు చేస్తుంది.

నడివయసులో ఒక్క పాదమే కొత్తగా చదునుబడుతున్నా, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతున్నా వంపును నిలబెట్టే కండర బంధనం దెబ్బతిని ఉండొచ్చు. పిల్లల పాదం బిర్రుగా ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవారికి పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే నొప్పి లేకపోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇవేవీ లేకుండా, తడికాలి ముద్ర చూపించి ‘మీ బాబుకి వంపు తెప్పిస్తాం’ అంటూ ఎవరైనా ఖరీదైన ఇన్‌సోల్ అంటగట్టబోతే, ఏమీ తొడగని డల్లాస్ పిల్లల పాదాలు ఎందుకు బాగుపడ్డాయో ముందు చెప్పమనండి.